పచ్చబొట్టు కూడా నాయిసేనా?

ఫ్రెండ్స్, ఇది ఫొటో ఎడిటింగ్ గురించి ఒక చిన్న పాఠం. రాస్తున్నది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివినవాడు కాబట్టి తెలుగులో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. టెక్నికల్ మాటల్ని మనం ల్యాబ్‌లో ఎలా అంటామో అలాగే రాశాను. నాయిస్‌ని "రవము" అని రాస్తే ముందు నాకే అర్థం కాదు.

విషయం ఇదీ. ఫోన్‌తో రాత్రిపూట తీసిన ఫొటో ఇసక చల్లినట్టు గరుకుగా వస్తుంది. దాన్ని నున్నగా చేసేది నాయిస్ రిడక్షన్. నున్నగా చేస్తే ఫొటో మసకబారుతుంది. మసకని పదునుగా చూపించేది షార్పెనింగ్. అది పెంచగానే పోయిందనుకున్న ఇసక మళ్ళీ పైకి తేలుతుంది. ఈ రెండు స్లైడర్ల మధ్య ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్న నాకు అసైన్‌మెంట్‌లో రాలేదు. ఇంట్లో వచ్చింది.

1. ఆ ఫొటో

మాది ఎల్బీ నగర్. అమ్మమ్మది నల్లగొండ దగ్గర పల్లె. పోయిన ఏడాది సద్దుల బతుకమ్మకి మా ఇంటికి వచ్చింది. కాలనీలో అందరూ బతుకమ్మలు మధ్యలో పెట్టి చుట్టూ ఆడుతుంటే, అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కూర్చునే పాట అందుకుని చప్పట్లు కొడుతోంది. నేను ఫోన్ తీసి ప్రో మోడ్‌లో నాలుగైదు ఫొటోలు కొట్టాను. వెలుగు అంటే దూరంగా ఒక వీధిలైటు, పక్కన ఒక దీపం, అంతే. ఐఎస్‌ఓ 3200, షట్టర్ సెకనులో 25వ వంతు. నా అదృష్టం కొద్దీ జేపెగ్‌తో పాటు రా ఫైల్ కూడా సేవ్ అయ్యింది.

సంక్రాంతి దాటాక అమ్మమ్మ చనిపోయింది. దినాల నాటికి ఫ్రేమ్ కట్టించాలన్నారు. ఆధార్ కార్డు ఫొటో పక్కన పెడితే, అమ్మమ్మ ఒక్కతే ఉన్న ఫొటో మొత్తం ఇంట్లో ఇదొక్కటే. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కదరా, మంచిగ చేసియ్యి" అన్నాడు మామయ్య.

అరగంటలో చేసేశాను. నాయిస్ రిడక్షన్ 80, కలర్ నాయిస్ 100. మెత్తబడింది కదా అని షార్పెనింగ్ 120. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే అదిరిపోయింది అనుకున్నాను. అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి ఫోన్ నా చేతికి ఇచ్చేసింది.

"మంచిగనే ఉంది గానీ, ఇది మా అమ్మ లెక్క లేదురా. పచ్చబొట్టు ఏది?"

అమ్మమ్మ నుదుటి మీద చిన్న నిలువు గీత, గడ్డం మీద మూడు చుక్కలు ఉండేవి. చిన్నప్పుడెప్పుడో సూదితో పొడిపించుకున్న పచ్చబొట్లు. ఏళ్ళు గడిచి రంగు వెలిసిపోయి, ఆకుపచ్చా కాని నీలమూ కాని ఒక నీడలా మిగిలాయి. నా ఎడిటింగ్‌లో అవి లేవు. "నగలన్నీ ఈడనే ఉంటయి, పచ్చబొట్టొక్కటే వెంట వస్తది అనేది మా అమ్మ" అంది అమ్మ. అంతకంటే ఏమీ అనలేదు.

సాఫ్ట్‌వేర్ ఆ చుక్కల్ని నాయిస్ అనుకుంది. నేను సరే అన్నాను. ఎందుకలా అనుకుందో తెలుసుకోవడానికి లైబ్రరీలో ఇమేజ్ ప్రాసెసింగ్ పుస్తకం తీశాను. ఈ పాఠం అక్కణ్ణుంచి మొదలైంది.

2. అసలు నాయిస్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మేడ మీద వరసగా గ్లాసులు పేర్చి వాన నీళ్ళు పడుతున్నాం అనుకోండి. ఒక్కో గ్లాసు ఒక్కో పిక్సెల్. చినుకులు అంటే కాంతి కణాలు, ఫోటాన్లు. వాన అంతటా ఒకేలా పడుతున్నా అన్ని గ్లాసుల్లో లెక్కగా అన్నే చినుకులు పడవు. సగటున 100 పడుతుంటే ఒకదాంట్లో 91, పక్కదాంట్లో 108 పడొచ్చు. ఈ తేడా సగటుకి వర్గమూలం అంత ఉంటుంది. 100కి వర్గమూలం 10, అంటే 10 శాతం ఊగిసలాట. సగటున 10,000 చినుకులు పడితే తేడా 100, అంటే 1 శాతమే. మనం ప్రాబబిలిటీలో బట్టీపట్టిన పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ ఇదే.

అంటే నాయిస్ మొత్తం కెమెరా తప్పు కాదు, తక్కువ కాంతికి ఉన్న లక్షణమే అది. దీని మీద సెన్సర్ సర్క్యూట్ తన వంతు రీడ్ నాయిస్ కొంత కలుపుతుంది. ఐఎస్‌ఓ పెంచితే వాన పెరగదు. పడిన కొద్ది నీళ్ళనే హెచ్చించి చూపిస్తుంది. ఊగిసలాట కూడా దాంతో పాటే హెచ్చుతుంది.

ఫోన్లలో ఇబ్బంది ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఒక మాదిరి ఫోన్ సెన్సర్ 7.6×5.7 మిల్లీమీటర్లు ఉంటే, విస్తీర్ణంలో తేడా 20 రెట్లు. పెరట్లో తొట్టి పెట్టినవాడికీ, టీ కప్పు పెట్టినవాడికీ ఉన్నంత తేడా.

ఇంకో చిక్కు రంగులది. సెన్సర్ పిక్సెల్‌కి సొంతంగా రంగు తెలీదు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతిలో, పిక్సెళ్ళ మీద రంగు ఫిల్టర్లు పెడతారు. సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఒక్కో పిక్సెల్‌కి ఒక్క రంగే తెలుస్తుంది, మిగతా రెండూ పక్కవాళ్ళని అడిగి లెక్కగట్టుకోవాలి. పక్కవాడు తప్పు చెబితే ఆ తప్పు వీడికీ అంటుతుంది. అందుకే రాత్రి ఫొటోల్లో చీకటి చోట్ల ఎరుపూ పచ్చా మరకలు కనిపిస్తాయి. దీన్ని కలర్ నాయిస్ అంటారు. రంగులో తేడా లేకుండా వెలుగులో మాత్రమే ఉండే గరుకుదనం లూమినెన్స్ నాయిస్.

మన కన్ను వెలుగులోని సన్న తేడాల్ని బాగా పట్టుకుంటుంది, రంగులోని సన్న తేడాల్ని అంతగా పట్టుకోదు. కాబట్టి ట్యుటోరియల్స్‌లో ఒకటే సలహా ఉంటుంది: కలర్ నాయిస్‌ని ధైర్యంగా తీసేయండి, లూమినెన్స్ దగ్గర జాగ్రత్తగా ఉండండి. మంచి సలహానే. నేనూ అదే నమ్మి కలర్ స్లైడర్ 100కి లాగాను.

3. ఫిల్టర్ ఎలా ఆలోచిస్తుంది?

అన్నిటికంటే సులువైన పద్ధతి సగటు. ఒక పిక్సెల్‌నీ దాని చుట్టూ ఉన్న 8 పిక్సెళ్ళనీ కలిపి 9తో భాగిస్తే నాయిస్ 3 రెట్లు తగ్గుతుంది, ఎందుకంటే 9కి వర్గమూలం 3. కానీ అంచులు చెదిరిపోతాయి. నల్లటి జుట్టూ తెల్లటి గోడా కలిసే చోట సగటు తీస్తే బూడిద రంగు వస్తుంది.

మీడియన్ ఫిల్టర్ సగటు తీయదు, అందర్నీ వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాణ్ణి తీసుకుంటుంది. అక్కడక్కడా పడిన ఒంటరి తెల్ల చుక్కలకి ఇది బాగా పనిచేస్తుంది. 1998లో తొమాసి, మండూచి అనే ఇద్దరు చెప్పిన బైలాటరల్ ఫిల్టర్, దగ్గరగా ఉండటంతో పాటు వెలుగులో కూడా దగ్గరగా ఉన్న పిక్సెళ్ళకే ఎక్కువ విలువ ఇస్తుంది. అందువల్ల అంచులు నిలుస్తాయి. 2005లో బ్వాదెస్, కోల్, మొరెల్ ఇంకా ముందుకెళ్ళారు. పక్కవాళ్ళనే ఎందుకు అడగాలి? ఫొటోలో ఇంకెక్కడైనా ఇలాంటి ముక్కే ఉంటే దాన్నీ అడుగుదాం అన్నారు. అదే నాన్ లోకల్ మీన్స్. మన ఓపెన్‌సీవీలో "ఫాస్ట్ ఎన్ఎల్ మీన్స్ డీనాయిజింగ్ కలర్డ్" అనే ఫంక్షన్ ఇదే. పైథాన్ వచ్చినవాళ్ళు ఒక సాయంత్రం ఆడుకోవచ్చు. అందులో వెలుగు నాయిస్‌కీ రంగు నాయిస్‌కీ వేరు వేరు బలాలు ఇవ్వొచ్చు.

ఇవన్నీ వేరు వేరు లెక్కలే, అయినా అడిగే ప్రశ్న ఒకటే: పక్కవాళ్ళకి భిన్నంగా ఉన్న ఈ చుక్క నిజమైనదా, పొరపాటున వచ్చిందా?

ఇప్పుడు అమ్మమ్మ పచ్చబొట్టుని ఈ ప్రశ్న ముందు పెట్టండి. చిన్నది. పాలిపోయింది. చుట్టూ ఉన్న చర్మానికి కొంచెమే భిన్నం, అది కూడా ఎక్కువగా రంగులోనే. అలాంటి ముక్క ఫొటోలో ఇంకెక్కడా లేదు. ఏ రూల్ ప్రకారం చూసినా అది నాయిసే. ఫిల్టర్ తప్పు చేయలేదు. దానికి అమ్మమ్మ తెలియదు, నాకు తెలుసు. తెలిసిన నేను చూడకుండా స్లైడర్ లాగాను.

4. షార్పెనింగ్ ఏం చేస్తుంది?

చాలామంది షార్పెనింగ్ అంటే పోయిన డీటెయిల్‌ని తిరిగి తెస్తుంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అది తెచ్చేది ఏమీ లేదు, ఉన్న తేడాని పెద్దది చేస్తుంది. అంతే.

ఎక్కువగా వాడే పద్ధతి పేరు అన్‌షార్ప్ మాస్క్. ఇది కంప్యూటర్లు రాకముందే డార్క్‌రూమ్‌లో పుట్టింది. ఫొటోకి ఒక మసక కాపీ చేస్తాం. అసలు దాంట్లోంచి మసకది తీసేస్తే మిగిలేది అంచులు. ఆ అంచుల్ని అసలు ఫొటోకి కలుపుతాం. లెక్క వేసి చూద్దాం. ఒక అంచు దగ్గర పిక్సెళ్ళు ఇలా ఉన్నాయనుకోండి:

50, 50, 50, 150, 150, 150

మూడేసి పిక్సెళ్ళ సగటు తీస్తే మసక కాపీ:

50, 50, 83, 117, 150, 150

అసలులోంచి మసకది తీసేస్తే 0, 0, −33, +33, 0, 0. దీన్ని అసలు దానికి కలిపితే:

50, 50, 17, 183, 150, 150

చూశారా, చీకటి వైపు ఇంకా చీకటైంది, వెలుగు వైపు ఇంకా వెలిగింది. కన్ను దాన్ని చూసి "పదునుగా ఉంది" అనుకుంటుంది. కొంచెమైతే బాగుంటుంది. ఎక్కువైతే మనిషి చుట్టూ స్కెచ్ పెన్‌తో గీసినట్టు తెల్ల గీత వస్తుంది. దాన్ని హేలో అంటారు. నా మొదటి ఎడిటింగ్‌లో అమ్మమ్మ చెవుల చుట్టూ, చీర అంచు చుట్టూ అదే వచ్చింది.

ఇక నాయిస్ సంగతి. మన పుస్తకంలో ఉండే 3×3 షార్పెనింగ్ కెర్నెల్ తీసుకోండి: మధ్యలో 5, నాలుగు పక్కలా −1. ఒక్కో పిక్సెల్‌లో నాయిస్ వేరువేరుగా ఉందనుకుంటే, ఫలితంలో నాయిస్ ఎన్ని రెట్లవుతుంది? వర్గాలు కలిపితే 25+1+1+1+1, అంటే 29. దాని వర్గమూలం దాదాపు 5.4. ఒక్క క్లిక్‌తో నాయిస్ 5 రెట్లు పైనే పెరిగింది. షార్పెనింగ్‌కి కనుబొమ్మ వెంట్రుకా ఇసక రేణువూ ఒకటే, రెండూ "తేడా"నే.

కాబట్టి ఈ రెండు పనులూ ఒకే గీతకి రెండు కొసలు. ఒకటి సన్న తేడాల్ని చెరుపుతుంది, ఇంకోటి సన్న తేడాల్ని పెంచుతుంది. ముందు 80కి చెరిపి తర్వాత 120కి పెంచితే అసలు ఫొటో తిరిగి రాదు. చెరిగిపోయింది చెరిగిపోయినట్టే ఉంటుంది. చెరగకుండా మిగిలిన పెద్ద అంచులు మాత్రమే గట్టిపడతాయి. మైనం బొమ్మకి కాటుక దిద్దినట్టు ఉంటుంది. మా అమ్మ చూసింది అదే.

5. రెండోసారి ఎలా చేశాను

రా ఫైల్‌ని మళ్ళీ మొదటి నుంచి తెరిచాను. నేను వాడింది లైట్‌రూమ్. ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్, రా థెరపీ ఉన్నాయి. అంకెలు మీ ఫొటోకి మారతాయి, కానీ వరస మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఒకటి: 100 శాతం జూమ్. ఫొటో మొత్తం స్క్రీన్‌లో పట్టేలా చూస్తూ నాయిస్ తీయకూడదు. చిన్నగా చూపించేటప్పుడు స్క్రీనే పిక్సెళ్ళని కలిపేస్తుంది, నాయిస్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది.

రెండు: ముందుగానే "పోకూడనివి" రాసుకోవాలి. ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ చూడలేదు, నేను పెట్టుకున్న రూల్. కాగితం మీద రాశాను: నుదుటి గీత, గడ్డం చుక్కలు, కళ్ళ పక్క ముడతలు, గునుగు పూలు. అమ్మమ్మ వెనక బతుకమ్మలో గునుగు పూలున్నాయి. గునుగు పువ్వు మీద నూగు చాలా సన్నగా ఉంటుంది కదా, నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే ముందుగా అదే దూది అయిపోతుంది. అది నాకు మీటర్‌లా పనికొచ్చింది.

మూడు: లూమినెన్స్. సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ, గునుగు నూగు పోవడం మొదలైన చోట ఆగి, కొంచెం వెనక్కి వచ్చాను. 28 దగ్గర ఆగింది. నాయిస్ ఇంకా కనిపిస్తోంది. కనిపించనివ్వాలి. నాయిస్ మొత్తం పోయేదాకా లాగితే దాంతోపాటు ఏం పోయిందో మనకి తెలీదు.

నాలుగు: కలర్. ఇక్కడే మొదటిసారి దెబ్బతిన్నాను కాబట్టి రెండు కాపీలు తీశాను. ఒకదాంట్లో కలర్ నాయిస్ 50, చీకటి మరకలన్నీ పోయాయి. ఇంకోదాంట్లో 8 మాత్రమే. రెండింటినీ గింప్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, మాస్క్ వేసి, నుదురు, గడ్డం దగ్గర మాత్రం రెండో కాపీ కనిపించేలా మెత్తటి బ్రష్‌తో దిద్దాను. అప్పుడు కనిపించింది, పచ్చటి నీడ. మూడు చుక్కలు.

ఐదు: వెలుగునీడలు. నీడల్ని ఎక్కువ లేపలేదు. చీకట్లో ఫోటాన్లు తక్కువ, నాయిస్ ఎక్కువ అని చెప్పుకున్నాం కదా. నీడని లేపితే దాక్కున్న ఇసకని కూడా లేపినట్టే. రాత్రి ఫొటో రాత్రిలాగే ఉండొచ్చు.

ఆరు: షార్పెనింగ్. అమౌంట్ 35, రేడియస్ 0.8. అన్నిటికంటే ముఖ్యమైనది మాస్కింగ్, దాన్ని 65 దాకా పెంచాను. డెస్క్‌టాప్‌లో ఆల్ట్ కీ నొక్కి ఆ స్లైడర్ లాగితే ఫొటో నలుపు తెలుపుగా మారుతుంది. తెల్లగా ఉన్న చోటే షార్పెనింగ్ పడుతుంది. కళ్ళు, కనుబొమ్మలు, చీర అంచు తెల్లగా, బుగ్గలు, చీకటి ఆకాశం నల్లగా వచ్చేదాకా చూసుకోవాలి. ఈ పని నిజానికి రా ఎడిటర్‌లోనే, లేయర్లకి ముందే, రెండు కాపీలకీ ఒకేలా చేశాను. లేకపోతే అతుకు వేసిన చోట తెలిసిపోతుంది.

ఏడు: చివర్లో, ప్రింట్ సైజుకి మార్చాక, ఇంకో చిన్న షార్పెనింగ్. సైజు మార్చినప్పుడు ఫొటో కొంచెం మెత్తబడుతుంది, కాగితం మీద ఇంక్ ఇంకొంచెం మెత్తబరుస్తుంది. దాన్ని సరిచేయడానికి మాత్రమే.

6. ఎంత దూరం నుంచి చూస్తారు?

షార్పెనింగ్ ఎంత అనేది ఫొటో ఒక్కటే చెప్పదు, చూసే దూరం కూడా చెబుతుంది. నేను క్రాప్ చేశాక మిగిలినవి 1600×2400 పిక్సెళ్ళు. ఫ్రేమ్ 12×18 అంగుళాలు. అంటే అంగుళానికి 133 పిక్సెళ్ళు. సరిపోతుందా? మంచి చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. రెండడుగుల దూరం నుంచి ఆ లెక్క వేస్తే అంగుళానికి దాదాపు 143 పిక్సెళ్ళు. మనది దానికి దగ్గరగానే ఉంది. గోడకున్న ఫ్రేమ్‌ని ఎవరూ అంతకంటే దగ్గరగా వెళ్ళి చూడరు, ఇంట్లోవాళ్ళు తప్ప.

అదే గల్లీ మొదట్లో కట్టే ఫ్లెక్సీ అయితే పదడుగుల దూరం. అక్కడ అంగుళానికి 29 పిక్సెళ్ళు చాలు. నాయిస్ ఆ దూరానికి ఎలాగూ కలిసిపోతుంది, కాబట్టి నాయిస్ తీసే పనే పెద్దగా లేదు. షార్పెనింగ్ కాస్త ఎక్కువ, పెద్ద రేడియస్‌తో ఇవ్వొచ్చు. వాట్సాప్ స్టేటస్‌కైతే తిరగబడుతుంది. అక్కడ ఫొటోని మళ్ళీ కుదిస్తారు. జేపెగ్ 8×8 గడులుగా కుదించేటప్పుడు, పదునెక్కిన నాయిస్ ఉంటే ఆ గడులే పైకి కనిపిస్తాయి. అక్కడ నాయిస్ కొంచెం ఎక్కువ తీసి, షార్పెనింగ్ తక్కువ ఇవ్వాలి. ఒకే ఫొటోకి మూడు చోట్లకి మూడు ఫైళ్ళు.

7. ప్రాక్టికల్: దిల్‌సుఖ్‌నగర్‌లో తెలుగు అక్షరాల పరీక్ష

మీ ఫోన్ ఎంత నాయిస్ రిడక్షన్ తట్టుకుంటుందో కనుక్కోవడానికి తెలుగు లిపి కంటే మంచి టెస్ట్ చార్ట్ లేదు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. రాత్రి ఎనిమిది తర్వాత దిగి, మెట్ల దగ్గర నిలబడి బోర్డుల్ని ఫొటో తీయండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, బట్టల షాపులు, బండ్లు. ఎల్ఈడీ బోర్డు వద్దు, లైటు సరిగా పడని చేతిరాత బోర్డు వెతకండి.

ఇంటికెళ్ళి లూమినెన్స్ స్లైడర్‌ని మెల్లగా పెంచండి. "ధర"లో ధ కింద ఉన్న చిన్న నిలువు గీత ఎక్కడ మాయమవుతుందో చూడండి. అక్కడ అది "దర" అవుతుంది. "ఫలూదా" కాస్తా "పలూదా" అవుతుంది. అక్షరం మొత్తం బాగానే ఉంటుంది, ఒత్తు ఒక్కటే పోతుంది. దూరం నుంచి చూసినవాళ్ళకి తేడా తెలీదు. తెలుగు వచ్చినవాడికి మాత్రమే తెలుస్తుంది. అదే మీ ఫోన్‌కి హద్దు. ఆ అంకె రాసిపెట్టుకుని, దానికి కిందే ఉండండి.

తర్వాత షార్పెనింగ్ పెంచి పోయిన ఒత్తు తిరిగి వస్తుందేమో చూడండి. రాదు. ఇది కళ్ళతో చూస్తే నేను పైన రాసిన లెక్కలన్నీ అక్కర్లేదు.

8. ఏఐ యాప్‌తో పోతుంది కదా?

ప్రయత్నించాను. ఒక యాప్‌లో "ఎన్‌హాన్స్" నొక్కితే పది సెకన్లలో నాయిస్ పోయింది, కళ్ళు మెరిశాయి, లేని కనురెప్పల వెంట్రుకలు వచ్చాయి. నుదుటి మీద పచ్చటి గీతని గుండ్రటి బొట్టుగా మార్చింది. తాతయ్య పోయాక అమ్మమ్మ బొట్టు పెట్టుకోలేదు. ఆ ఫొటో అమ్మకి చూపించకుండానే డిలీట్ చేశాను. ఇలాంటి యాప్ వేల ముఖాల్ని చూసి, ఇక్కడ మామూలుగా ఏముంటుందో ఊహించి నింపుతుంది. మనకి కావాల్సింది మామూలుగా ఉండేది కాదు, ఆ మనిషికి ఉన్నది.

పాతకాలంలోనూ స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు పూడ్చేవాళ్ళు. కాబట్టి ఇది కొత్త ఆశ ఏమీ కాదు. కానీ పాతవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో పెద్ద గాజు పలకల మీద, కెమెరాని స్టాండ్ మీద నిలబెట్టి, మనుషుల్ని కదలకుండా ఉంచి తీసేవారు. పెద్ద తొట్టి, ఎక్కువసేపు వాన. కాంతి సరిపడా పడితే తర్వాత తుడవాల్సింది తక్కువ.

మనమూ చేయొచ్చు. ఫోన్‌ని ఏ గోడకో బండి సీటుకో ఆనించి షట్టర్ టైమ్ పెంచండి. ట్యూబ్‌లైట్ కిందకి ఒక అడుగు జరగమనండి. మనిషి కదలకుండా ఉంటే ఒకే ఫ్రేమ్‌ని 16 సార్లు తీసి సగటు చేస్తే నాయిస్ 4 రెట్లు తగ్గుతుంది, డీటెయిల్ పోదు. ఎందుకంటే ఇక్కడ పక్క పిక్సెల్‌ని అడగట్లేదు, అదే పిక్సెల్‌ని 16 సార్లు అడుగుతున్నాం. ఫోన్ల నైట్ మోడ్ వెనక ఉన్న ఆలోచన ఇదే. ఆ రాత్రి నేను "అమ్మమ్మా, ఒక్క నిమిషం కదలకు" అని అడగాల్సింది. పాట మధ్యలో ఆపడం ఇష్టంలేక అడగలేదు.

9. ఫ్రేమ్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రేములు కట్టే షాపుకి అమ్మని తీసుకెళ్ళాను. షాపాయన ప్రింట్ చూసి, "కొంచెం గింజ గింజగా ఉంది తమ్ముడూ, నున్నగ చేసియ్యమంటవా?" అన్నాడు. నేను వద్దనేలోపే అమ్మ ప్రింట్‌ని తన వైపు తిప్పుకుంది. గడ్డం మీద చుక్కల్ని వేలితో ఒక్కోటీ ముట్టుకుంటూ పోయింది. ఒకటి, రెండు, మూడు.

"ఏం చెయ్యొద్దు. ఇట్లనే కట్టు" అంది.

ఇప్పుడు అది మా హాల్లో ఉంది. చుట్టాలు ఎవరైనా వచ్చి దగ్గరగా చూసి, ఫొటో కొంచెం గరుకుగా ఉందేంటి అంటే నేను పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ మొదలుపెట్టబోతాను. అమ్మ మధ్యలోనే ఆపుతుంది.

"బతుకమ్మ నాడు చీకట్ల తీసిండు" అంటుంది.